పని చేయించేది జీతమొక్కటేనా?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు వచ్చి మేనేజిమెంటు మీద నాలుగు మాటలు చెప్పమన్నప్పుడు నాకు నవ్వు వచ్చింది. ముప్ఫయ్యేళ్లుగా చోడవరం బజారులో బట్టలు కుడుతున్నవాణ్ణి. నాలుగు మిషన్లు, ముగ్గురు పనివాళ్లు, అదీ నా కంపెనీ! అయితే మా అబ్బాయి ఎం.బి.ఏ. చదివినప్పటి పుస్తకాలు ఇంట్లో వుంటే, తీరిక దొరికినప్పుడు తిరగేస్తూ వచ్చాను. అర్థంకానిచోట వాణ్ణే అడిగాను. చదివినకొద్దీ యివన్నీ నా షాపు చూసి రాశారా అనిపించింది. మన సంఘంలో చాలామంది యిద్దరు ముగ్గురు పనివాళ్లను పెట్టుకుని మెకానిక్ షెడ్డో, వెల్డింగో, కొట్టో నడిపేవాళ్లు. తక్కినవాళ్లు యెవరో ఒకరి దగ్గర పనిచేసేవాళ్లు. అంచేత యిది అందరి సంగతీను.

ముందు నా తప్పు చెబుతాను. నా దగ్గర ఒక కుర్రవాడు పదకొండేళ్లు పనిచేశాడు. కాలరు కుట్టడంలో అతని చేయి నాకు రాదు. సంక్రాంతికీ రంజానుకూ రాత్రి రెండు గంటలదాకా మిషను తొక్కేవాడు. నేనూ పీసు రేటు ప్రకారం శనివారం శనివారం లెక్క కట్టి యిచ్చేసేవాణ్ణి. కూలి ఆలస్యం చేయరాదన్న మాట చిన్నప్పటినుంచీ మసీదులో విన్నదే, ఆ విషయంలో నామీద మాట పడలేదు. అటువంటివాడు ఒక రంజానుకు ఇరవై రోజుల ముందు వచ్చి, విశాఖపట్నం పోతానన్నాడు. రేటు పెంచుతానన్నాను. వద్దన్నాడు. అక్కడ అతనికి ముట్టేది నేనిచ్చేదానికన్నా తక్కువేనని తరువాత తెలిసింది. విశ్వాసం లేనివాడని నలుగురి దగ్గరా అన్నాను కూడా.

నాలుగేళ్ల తరువాత ఒక పెళ్లిలో యెదురుపడ్డాడు. యెందుకు పోయావురా అని అడిగేశాను. తల వంచుకుని, "పదకొండేళ్లు చేసేను మాస్టారూ. ఒక్కరోజైనా కత్తెర నా చేతికిచ్చేరా?" అన్నాడు. పలావు ముద్ద నా గొంతు దిగలేదు.

కత్తెర సంగతి తెలియనివారికి చెబుతాను. మా పనిలో కొలతలు తీసేది, గుడ్డ కత్తిరించేది మాస్టరు. కుట్టేవాడు కుట్టాలి, కాజాలు వేసేవాడు కాజాలు వేయాలి. కత్తిరించడం వచ్చినవాడే టైలరు, తక్కినవాళ్లు మిషను తొక్కేవాళ్లు. గుడ్డ పాడుచేస్తాడని నాకు భయం. పని పూర్తిగా వస్తే యెదురుగా షాపు పెడతాడని, యిప్పుడు దాచేదేముంది, అది యింకా పెద్ద భయం.

పీసు రేటు సరిగ్గా యిస్తే మనిషి పనిచేస్తాడన్న నా నమ్మకానికి పుస్తకాల్లో ఒక పెద్దాయన వున్నాడు. అమెరికాలో టేలరు అనే ఇంజనీరు. 1911లో పుస్తకం రాశాడు. ఉక్కు కంపెనీలో రోజుకు పన్నెండున్నర టన్నుల ఇనుప దిమ్మలు మోసే మనిషి చేత 47 టన్నులు మోయించాననీ, కూలి 1 డాలరు 15 సెంట్ల నుంచి 1 డాలరు 85 సెంట్లకు పెంచాననీ అందులో రాసుకున్నాడు. పని నాలుగింతలకు దగ్గరైంది, కూలి రెండింతలు కూడా కాలేదు. నేను టైలర్ని గనుక లెక్క చూశాను.

తరువాత చికాగో దగ్గర హాథోర్న్ అనేచోట, టెలిఫోను సామాను చేసే ఫ్యాక్టరీలో 1924 నుంచి 1932 దాకా పరీక్షలు చేశారు. మొదట దీపాల వెలుతురు పెంచి, తగ్గించి చూశారు. ఆ తరువాత కొద్దిమంది అమ్మాయిలను వేరే గదిలో కూర్చోబెట్టి, మధ్యలో విశ్రాంతి యిచ్చి, పని గంటలు తగ్గించి చూశారు. పని పెరిగింది. యిచ్చినవన్నీ తీసేసి చూస్తే, అప్పుడూ పెద్దగా తగ్గలేదు. మమ్మల్ని అడుగుతున్నారు, మా మాట వింటున్నారు అన్న భావమే కారణమని ఎల్టన్ మేయో అనే ప్రొఫెసరు, ఆయన తోటివారు తేల్చారు. అదే ఫ్యాక్టరీలో 20 వేలమందికి పైగా పనివాళ్లను కూర్చోబెట్టి వాళ్ల గోడు విన్నారట! అయితే ఆ గదిలో కూలి లెక్క కూడా మార్చారనీ, యిద్దరు అమ్మాయిలను మధ్యలో మార్చేశారనీ తరువాతివాళ్లు తప్పుపట్టారు. నిజమే, డబ్బు ప్రభావం లేదని నేనూ అనను.

నా కత్తెర గొడవకు సరైన జవాబు హెర్జ్‌బర్గ్ అనే ఆయన దగ్గర దొరికింది. 1959లో వచ్చిన పుస్తకం. పిట్స్‌బర్గు ప్రాంతంలో సుమారు 200 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను, ఉద్యోగంలో మీకు బాగా సంతోషం కలిగిందెప్పుడు, బాగా మనసు విరిగిందెప్పుడు అని అడిగారు. రెండు జవాబులూ ఒకే విషయం మీద రాలేదు. మనసు విరగడానికి పై అధికారి తీరు, కంపెనీ రూల్సు, జీతం వంటివి యెక్కువగా కారణాలు. సంతోషానికి సాధించిన పని, గుర్తింపు, బాధ్యత, యెదుగుదల కారణాలు. అంటే జీతం సరిగ్గా యివ్వకపోతే మనిషి పోతాడు. సరిగ్గా యిచ్చినంత మాత్రాన మనసు పెట్టి వుండిపోడు. యిది విని, మెచ్చుకుంటే చాలు గదా, జీతమెందుకని బయలుదేరే యజమానులు వుంటారు. వాళ్లకు ఆయన పుస్తకంలో చోటు లేదు.

చదువుకున్న ఉద్యోగుల సంగతి పనివాళ్లకు యెలా వర్తిస్తుందని అడగవచ్చు. మన పల్లెల్లో బెల్లం వండేచోట చూడండి. గానుగలో చెరుకు పెట్టేవాడు, మంట వేసేవాడు, అందరూ పాకం చూసే మనిషి మాట కోసం ఆగుతారు. అతను దించమన్నదాకా పెనం దిగదు. జ్వరంతో దుప్పటి కప్పుకుని వచ్చి పాకం చూసినవాణ్ణి నేనెరుగుదును.

యింతకీ మారవలసింది పనివాడా, యజమానా? దీనికి పరీక్ష అమెరికాలో కాదు, తుని దాటితే వచ్చే కాకినాడలో జరిగింది. 1964లో హార్వర్డు ప్రొఫెసరు మెక్లెలాండ్ మొదలుపెట్టారు. కాకినాడ వ్యాపారస్తులను సుమారు యాభై మందిని హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు రప్పించి కొద్ది రోజులు తరగతులు పెట్టారు. బొమ్మలు చూపి కథలు రాయించారు. రింగును కొయ్యమీదకు విసిరే ఆట ఆడించారు. యెంత దూరం నుంచి విసరాలో యెవరికి వారే తేల్చుకోవాలి. మరీ దగ్గర నిలబడితే గొప్ప లేదు, మరీ దూరమైతే అదృష్టం మీద ఆధారం. కష్టమైనా అందే దూరం యెంచుకునేవాడిలోనే సాధించాలన్న పట్టుదల వుంటుందని ఆయన సిద్ధాంతం. రాజమండ్రి వ్యాపారస్తులతో పోల్చి చూస్తే, శిక్షణ పొందినవాళ్లు తరువాత యెక్కువ పెట్టుబడి పెట్టారు, యెక్కువమందికి పని యిచ్చారు. కులం, పాత ఆచారాలు అడ్డు రాలేదని 1969లో వచ్చిన పుస్తకంలో రాశారు. నడివయసు షావుకార్లే మారారు!

అది చదివి నేనూ కొంచెం దూరం జరిగి రింగు విసిరాను. తరువాత వచ్చిన కుర్రవాడికి రెండో యేడే కత్తెర యిచ్చాను. మొదట దిండు గలీబులు, తరువాత లంగాలు, ఆపైన పైజామాలు. ఒక కస్టమరు తెచ్చిన గుడ్డ రెండు మీటర్లు పాడుచేశాడు. తిట్టబోయి ఆగి, కొత్త గుడ్డ కొని యిచ్చాను. ఆ రోజు అతను అన్నం తినలేదు. మర్నాడు నాకన్నా ముందు వచ్చి షాపు తెరిచాడు. మూడేళ్లు గడిచాక, నేను భయపడినట్టే, వేరే షాపు పెట్టాడు, అదీ మా వీధిలోనే. రంజాను రద్దీలో నాకు మిగిలిన పని అతనికి పంపుతాను. షేర్వానీ వస్తే కటింగుకు గుడ్డ పట్టుకుని నా దగ్గరకు వస్తాడు.

కార్యవర్గానికి ఒక మనవి. యేడాదికి ఒక ఆదివారం మన షాపులవాళ్లనూ, వాళ్ల పనివాళ్లనూ ఒకేచోట కూర్చోబెట్టండి. ముందు పనివాళ్లను మాట్లాడనివ్వండి. విశాఖ వెళ్లిపోయిన ఆ కుర్రవాణ్ణి తీసుకువచ్చే పూచీ నాది. ఖుదా హాఫిజ్.