'కావలి' అని తెర మీద పడాలంటే

వెబ్ ప్రోగ్రామింగ్ ఎక్కడ నేర్చుకోవాలని కావలి కుర్రాళ్లను అడిగితే, హైదరాబాదులోని అమీర్‌పేట కోచింగ్ సెంటర్లకు వెళ్లాలి అనేవాళ్లే ఎక్కువ. ఆ హైదరాబాదులోనే ఫీజు లేని దారి ఇంకోటుంది. 2005లో మొదలైన 'స్వేచ్ఛ' అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమం కాలేజీల్లో లినక్స్ వాడేవాళ్లను బృందాలుగా కలిపింది. పైథాన్ భాషలో ప్రోగ్రాములు రాసేవాళ్లకు 'హైద్‌పై' బృందం ఉంది. ఇలాంటి చోట ఒకరు రాసింది తెర మీద వేస్తారు, తక్కినవాళ్లు తప్పులు పడతారు. కాస్త సిగ్గు చంపుకోవాలి, అంతే. దేశంలోని పైథాన్ వాళ్ల పెద్ద సభ పైకాన్ ఇండియా 2018లో హైదరాబాదులోనే జరిగింది.

కలిసి కూర్చుంటే ఏమొస్తుంది? పేజీలో 'కావలి' అని రాసి బ్రౌజర్‌లో తెరిచారనుకోండి. తెలుగు బదులు నెత్తిన గీతలున్న ఇంగ్లీషు అక్షరాలేవో వచ్చాయి. గంటసేపు తల పట్టుకుంటారు. పక్కనున్నాయన తొంగి చూసి, "పైన యూటీఎఫ్-8 అని పెట్టావా బాబూ?" అంటాడు. కావలి మన కంటికి మూడక్షరాలు. యూనికోడ్ లెక్కలో క, దీర్ఘం, వ, ల, గుడి కలిపి ఐదు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి మూడు బైట్లు, మొత్తం 15. పేజీ యూటీఎఫ్-8లో ఉందని చెప్పకపోతే బ్రౌజర్ ఒక్కో బైటునూ ఒక్కో అక్షరంగా చదివేయొచ్చు. పుస్తకాల్లోనూ ఉంటుందిది, ఏ పేజీలో వెతకాలో తెలియాలిగా!

ఇలాంటి బృందాన్ని కావలిలో మొదలుపెట్టడానికి నలుగురు మనుషులు, ఒక ల్యాప్‌టాప్, ఆదివారం పొద్దున రెండు గంటలు చాలు. మొదటి పేజీగా మన స్టేషన్‌లో ఆగే రైళ్ల వేళలు పెట్టండి. తప్పుంటే ఊరంతా చెబుతుంది.