ఒకే కౌంటరా, ఏ కౌంటరైనా?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

నీ ఉద్యోగం ఏమిటో మాకు అర్థమయ్యేటట్టు చెప్పమన్నారు నిర్వాహకులు. నాది వెబ్ సర్వర్ల పని. అందులో ఒక్క చిక్కు చెబుతాను.

స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఆఖరి రోజు అనుకోండి. వేలమంది పిల్లలు ఒక్కసారే వెబ్‌సైట్ మీద పడతారు. ఒక్క సర్వర్ తట్టుకోలేదు కనక నాలుగు పెడతాం. వాటి ముందు లోడ్ బ్యాలెన్సర్ ఉంటుంది. వచ్చిన పనిని వంతులవారీగా నాలుగింటికీ పంచడం దాని విధి.

వెబ్‌ను నడిపే హెచ్‌టీటీపీ పద్ధతికి జ్ఞాపకశక్తి లేదు. మనం ఎన్నిసార్లు నొక్కినా ప్రతిసారీ కొత్తవాళ్లమే. అందుకే 1994లో నెట్‌స్కేప్‌లో లూ మాంటుల్లీ ‘కుకీ’ని తెచ్చారు. అది మన చేతికిచ్చే టోకెన్ లాంటిది. మరి ఆ టోకెన్ నంబరు కింద మన వివరాలు రాసిన పుస్తకం ఎక్కడుంది? ఒకటో సర్వర్ దగ్గరుంటే, రెండో పేజీకి మూడో సర్వర్‌కు వెళ్లిన పిల్లను అది గుర్తుపట్టదు. మళ్లీ మొదటినుంచి లాగిన్ అవమంటుంది.

దీనికి సులువైన ఉపాయం స్టిక్కీ సెషన్. ఎవరు ఏ సర్వర్ దగ్గర మొదలుపెడితే చివరిదాకా అక్కడికే పంపడం. పని నడుస్తుంది కానీ బరువు సమంగా పడదు. కొందరు మనిషిని ఐపీ అడ్రసును బట్టి గుర్తుపడతారు. కాలేజీ ల్యాబ్‌లో అరవైమంది కూర్చున్నా బయటికి కనబడే అడ్రసు సాధారణంగా ఒక్కటే. అరవైమందీ ఒకే సర్వర్ నెత్తిన పడతారు. రద్దీ పెరిగిందని అయిదో సర్వర్ తెచ్చినా, పాతవాళ్లు కదలరు కాబట్టి అది కాసేపు ఖాళీగానే ఉంటుంది. నాలుగింటిలో వెయ్యిమంది ఉన్నప్పుడు ఒకటి పడిపోతే సుమారు 250 మంది సగంలో నింపిన దరఖాస్తులు పోతాయి. ఆఖరి రోజు రాత్రి ఆ పిల్లలకు అది ఒక ఏడాది చదువు సంగతి.

రెండో దారి మనకు రేషన్ షాపుల్లో కనిపిస్తుంది. ఒకప్పుడు కార్డు ఏ షాపుదైతే బియ్యం అక్కడే. డీలరు పుస్తకంలోనే లెక్క. ఈ-పోస్ యంత్రాలొచ్చి లెక్క కేంద్ర సర్వర్‌లోకి చేరాక ఏ షాపులోనైనా వేలిముద్ర వేసి తీసుకోగలుగుతున్నాం. 2019 ఆగస్టు 9న ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య కూడా ఈ సౌకర్యం మొదలైంది. వలస వెళ్లే మన ఉత్తరాంధ్ర కూలీలకు ఇటువంటి సౌకర్యం విలువ వేరే చెప్పక్కర్లేదు. మేమూ అంతే చేస్తాం. సెషన్ పుస్తకాన్ని సర్వర్లలోంచి తీసి, అందరికీ అందే ఒక చోట పెడతాం. అప్పుడు ఏ సర్వరైనా పని అందుకుంటుంది.

దీనికీ ఖర్చుంది. ప్రతిసారీ ఆ పుస్తకం దగ్గరికి వెళ్లి రావాలి. సిగ్నల్ అందని కొండ ఊళ్లో ఈ-పోస్ ఆగితే షాపులో బియ్యం ఉన్నా చేతికి రావు. అలాగే మా ఉమ్మడి పుస్తకం ఆగితే నాలుగు సర్వర్లూ ఆగుతాయి. అందుకే దానికి నకలు ఇంకోచోట తప్పక ఉంచాలి.

నా అనుభవంలో తేలింది ఇదీ: అతుక్కోవడం వేగం కోసం ఉండొచ్చు, దాని మీదే పని ఆధారపడకూడదు. రోజూ వచ్చే మాస్టారికి ఏ పిల్లాడు ఎక్కడ తడబడతాడో తెలుసు. ఆ పరిచయం మంచిదే. కానీ మార్కుల రిజిస్టరు ఆయన సంచిలో కాక ఆఫీసు గదిలో ఉంటేనే, ఆయన సెలవు పెట్టిన రోజున ఇంకో మాస్టారు పాఠం ఆపకుండా నడపగలరు.

మన బడి పిల్లలు ఎందరో ఇప్పుడు ఇలాంటి వ్యవస్థలు కడుతున్నారు. వాళ్లకు నా మనవి ఒకటే. పనంతా అయ్యాక ఒక సర్వర్‌ను మీరే ఆపి చూడండి. ఆఖరి రోజున దరఖాస్తు నింపుతున్న పిల్లకు ఆ సంగతి తెలియకపోతే, మీరు బాగా కట్టినట్టే.