తాళం తీశాకే చెయ్యి పెట్టాలి
(మహిళా పొదుపు సంఘం సమావేశంలో ఒక వాలంటీర్ టీచరు చేసిన ప్రసంగం)



మన సంఘం రోటవేటర్ కొన్నది. రేపటి నుంచి అద్దెకు తిప్పుతాం. నిన్న ఒక అక్క నన్ను ఇలా అడిగింది. "నడిపేది డ్రైవరు. బాగుచేసేది మెకానిక్కు. మధ్యలో మనకెందుకమ్మా ఈ పాఠం?"

మంచి ప్రశ్నే. కానీ ఆలోచించండి. యంత్రం మనది. దాని మీద అప్పు మనది. పొలంలో దాని చుట్టూ తిరిగేది, చుట్టుకున్న గడ్డి లాగేది కూడా మనమే. బోల్టు ఊడితే పోయేది మన డబ్బు. కొంగు చిక్కితే పోయేది మన ప్రాణం. అందుకే ఈ పాఠం.

నేను మెకానిక్కును కాను. టీచర్ ట్రైనింగ్ చదివాను. మా నాన్న ట్రాక్టరు డ్రైవరు. చిన్నప్పుడు ఆయనకు పానాలు అందిస్తూ నేర్చుకున్నదే మీకు చెబుతున్నాను.

ఇది ఏం చేస్తుంది?

నాగలి మట్టిని తిరగేస్తుంది. రోటవేటర్ మట్టిని కొట్టి గుల్ల చేస్తుంది. పెళ్లలు పగులుతాయి. వరి కొయ్యలు ముక్కలై మట్టిలో కలుస్తాయి. ఆస్ట్రేలియా దేశంలో క్లిఫ్ హోవర్డ్ అనే ఆయన 1912లో తన తండ్రి పొలంలో ఇలా తిరిగే కత్తులతో దున్ని చూశాడు. ఆ ఆలోచనే మన ఊరిదాకా వచ్చింది. దీని పేరులో ఒక తమాషా ఉంది. మనకు 'వికటకవి' అనే మాట ఉంది కదా. ఎటు నుంచి చదివినా ఒకటే. ఇంగ్లీషులో రోటవేటర్ అని రాస్తే అదీ అంతే. మీ పిల్లల చేత రాయించి చూడండి.

షాఫ్టు ఎంత వేగంగా తిరుగుతుంది?

ట్రాక్టరు వెనక ఒక షాఫ్టు ఉంటుంది. దాన్ని పీటీఓ షాఫ్టు అంటారు. ఇంజను బలం దాని ద్వారా రోటవేటర్‌కు వెళ్తుంది. అది నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. ఇప్పుడు లెక్క చేద్దాం. 540ని 60తో భాగించండి. 9 వచ్చింది కదా? అంటే సెకనుకు 9 చుట్లు. ఒక్కో చుట్టుకు సుమారు అడుగు బట్ట చుట్టుకుంటుంది. సెకనుకు 9 అడుగులు. మన చీర ఆరు గజాలు, అంటే 18 అడుగులు. ఎన్ని సెకన్లు పట్టింది? రెండే. "అమ్మా" అని అరిచేలోగా అయిపోతుంది.

ఇది పుస్తకంలో లెక్క మాత్రమే కాదు. నేను పదో తరగతి చదివేటప్పుడు నాన్నకు సద్ది తీసుకుని పొలానికి వెళ్లాను. ట్రాక్టరు ఆగి ఉంది. షాఫ్టు మాత్రం తిరుగుతోంది. దాని మీది ప్లాస్టిక్ తొడుగు అంతకుముందే విరిగిపోయింది. మళ్లీ వేయించలేదు. నేను సద్ది అందించబోయాను. గాలికి చున్నీ ఎగిరింది. అంతే. కళ్లు మూసి తెరిచేలోగా చున్నీ షాఫ్టుకు తాడులా చుట్టుకుపోయింది. మెడ దగ్గర చర్మం కమిలిపోయింది. ఆ రోజు ఇంట్లో పిన్నీసు దొరకలేదు. చున్నీకి పిన్నీసు పెట్టుకోలేదు. అందుకే అది మెడ నుంచి జారిపోయింది. అందుకే నేను ఈ రోజు మీ ముందు నిలబడి మాట్లాడుతున్నాను. నాన్న ఆ రోజు అన్నం తినలేదు. మరునాడే కొత్త తొడుగు తెచ్చి వేశాడు.

ఎలా తగిలించాలి?

రోటవేటర్‌ను చదునైన నేల మీద ఉంచాలి. డ్రైవరు ట్రాక్టరును నెమ్మదిగా వెనక్కి తేవాలి. ఆ సమయంలో రెండింటి మధ్య ఎవరూ నిలబడకూడదు. ట్రాక్టరు ఆగి, ఇంజను ఆపాకే దగ్గరికి పోవాలి. మొదట ఎడమ వైపు కింది చెయ్యి తగిలించాలి. తర్వాత కుడి వైపుది. ఆ తర్వాత పైన ఉన్న టాప్ లింకు. ప్రతి పిన్నుకూ తాళపు పిన్ను పెట్టాలి. మేకు ముక్కతో సరిపెట్టకూడదు.

షాఫ్టు చివరన పెట్టాలి. అది ఒక గొట్టంలోకి ఇంకొకటి దూరేలా ఉంటుంది. పొడవు ఎక్కువైతే యంత్రం ఎత్తేటప్పుడు గుద్దుకుని గేరు బాక్సు పగులుతుంది. తక్కువైతే ఊడి కొడుతుంది. కొత్త యంత్రానికి ఈ పొడవు మెకానిక్కు చేతే చూపించుకోవాలి. షాఫ్టు పెట్టాక 'టక్' మని లాకు పడాలి. ఒకసారి లాగి చూడండి. తొడుగు, దానికి ఉన్న చిన్న గొలుసు తగిలించి ఉన్నాయో లేదో చూడండి.

తర్వాత వెనక నిలబడి చూడండి. యంత్రం రెండు వైపులా సమానంగా ఉందా? ఒక వైపు వంగితే ఒక చోట లోతు, ఒక చోట పైపైన తెగుతుంది. లోతు పక్కల ఉన్న స్కిడ్లతో సరిచేస్తారు. రెండు స్కిడ్లూ ఒకే రంధ్రంలో ఉండాలి. మామూలు దుక్కికి నాలుగు నుంచి ఆరు అంగుళాల లోతు చాలు. వెనక రేకు కిందికి దించితే మట్టి మెత్తగా వస్తుంది. పైకెత్తితే పెళ్లలు మిగులుతాయి.

ఒక్క మాట. ఎక్కువ సార్లు తిప్పితే మంచిదని అనుకోవద్దు. మట్టి పిండి అయితే వాన పడ్డాక పైన అట్ట కడుతుంది. మొలక పైకి రాలేదు.

పనిలో ఏం చూసుకోవాలి?

మలుపు తిరిగేటప్పుడు యంత్రాన్ని పైకెత్తాలి, షాఫ్టు ఆపాలి. యంత్రం మట్టిలో ఉండగా ట్రాక్టరును వెనక్కి నడపకూడదు. రోటవేటర్ మీద ఎవరినీ ఎక్కించకూడదు. బరువు కోసమని పిల్లల్ని నిలబెట్టే వాళ్లు ఉన్నారు. కాలు జారితే కింద కత్తులే. పిల్లలకు చెప్పడం కాదు, మనం నిలబెట్టకుండా ఉండాలి.

గడ్డి, తీగలు, పాత గుడ్డలు కత్తులకు చుట్టుకుంటాయి. అప్పుడు ఏం చేయాలి? షాఫ్టు ఆపించండి. యంత్రాన్ని నేల మీదికి దించించండి. ఇంజను ఆపించండి. తాళం తీసి మీ చేతికి తీసుకోండి. కత్తులు పూర్తిగా ఆగాయో లేదో చూడండి. అప్పుడే కొడవలితో కోసి తీయండి. కత్తులు మార్చడానికి యంత్రాన్ని పైకెత్తితే కింద గట్టి చెక్క దిమ్మలు పెట్టాలి. ఎత్తి ఉన్న యంత్రాన్ని ట్రాక్టరు మీద నమ్మకంతో వదలకూడదు.

రోజూ సంరక్షణ

ఐదడుగుల యంత్రానికి సాధారణంగా 36 కత్తులు ఉంటాయి. మోచేయి వంచినట్టు వంగి ఉంటాయి. సగం ఎడమ వైపుకు, సగం కుడి వైపుకు. వాటి పదును మొదట మట్టికి తగలాలి. మార్చేటప్పుడు ఒకటి విప్పి, దాని చోట కొత్తది బిగించి, తర్వాతే రెండోది విప్పాలి. అన్నీ ఒకేసారి విప్పితే వరస తప్పుతుంది. యంత్రం వణుకుతుంది.

రోజూ పని మొదలుపెట్టే ముందు పానాతో బోల్టులన్నీ చూడాలి. షాఫ్టు జాయింట్లకు గ్రీజు కొట్టాలి. గేరు బాక్సులో ఆయిలు మట్టం చూడాలి. దమ్ము చేసిన రోజు యంత్రాన్ని కడగాలి. ఆయిలు పాలలా తెల్లగా కనిపిస్తే లోపలికి నీళ్లు పోయాయని అర్థం. ఆయిలు సీలు మార్పించి, కొత్త ఆయిలు పోయించాలి. ఎన్ని గంటలకు ఆయిలు మార్చాలో యంత్రంతో ఇచ్చే పుస్తకంలో ఉంటుంది. తెలుగు పుస్తకం ఇమ్మని డీలరును అడగండి. ఇప్పుడు మీకు చదవడం వచ్చు. "మాకెందుకులే" అనొద్దు.

ఒక నోటు పుస్తకం పెట్టండి. తేదీ, ఎవరి పొలం, ఎన్ని గంటలు తిరిగింది, డీజిలు ఎంత, గ్రీజు కొట్టారా లేదా రాయండి. వంతులవారీగా ఒక్కో అక్క రాయాలి. లెక్క రాసి ఉంటే అద్దె దగ్గర గొడవ రాదు. ఆయిలు మార్చే రోజు తప్పిపోదు.

చివరగా ఈ ఐదు మాటలు ఆ పుస్తకం మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాసుకోండి.

1. కొంగు దోపుకోవాలి. జడ ముడి వేసుకోవాలి. చున్నీ తీసి పక్కన పెట్టాలి.
2. షాఫ్టుకు తొడుగు లేకపోతే ఆ రోజు పని లేదు.
3. యంత్రం మీద మనిషి ఎక్కకూడదు.
4. రోజూ బోల్టు, గ్రీజు, ఆయిలు చూడాలి.
5. తాళం తీశాకే చెయ్యి పెట్టాలి.

డ్రైవరు తొందరపెడతాడు. "ఏం కాదులే అమ్మా" అంటాడు. ఆ రోజు మా నాన్న కూడా అలాగే అనుకున్నాడు. తాళం అడిగి తీసుకోండి. ఇవ్వకపోతే పక్కకు జరిగి నిలబడండి. యంత్రం మనది. అడిగే హక్కు మనకు ఉంది.

సెలవు.