ఆ మాట నా మీద ఉన్నదా?



ఈ వారం ఒక ఉత్తరంతో మొదలుపెడతాను. వ్రాసిన సహోదరి ఎవరో తెలియకుండా ఊరి పేరు, మరికొన్ని వివరాలు తీసివేశాను. ఆమె బి.ఇడి. చదివి ఒక బడిలో పాఠాలు చెప్తోంది. ఆమెకు ఏడేళ్ల వయసప్పుడు ఆ ఊరి ఉజ్జీవ కూటాలకు వచ్చిన ఒక బోధకుడు ఆమె తలమీద చెయ్యి ఉంచి, ఈ బిడ్డ పెళ్లి, సంసారం లేకుండా దూరదేశంలో దేవుని సేవ చేస్తుందని ప్రవచించాడట. తల్లి ఆ మాటను తన బైబిలు మొదటి పేజీలో తేదీ వేసి వ్రాసుకున్నది. ఇప్పుడు సంబంధాలు వస్తుంటే ఆ పేజీ తీసి చూపిస్తోంది. "అయ్యగారూ, నాకు ఆ మాట మీద నమ్మకం కుదరడం లేదు. అది నిజమైతే నేను దేవుని దగ్గరనుండి పారిపోతున్నదాన్ని. అబద్ధమైతే మా అమ్మ ఇన్నేళ్లు చేసిన ఉపవాసాలు ఏమైనట్టు?" అని అడుగుతోంది.

ఈ ఉత్తరం చదవగానే నాకు బైబిలులోని స్త్రీలకంటే ముందు ఓరువల్ అనే రాణి జ్ఞాపకం వచ్చింది. ఆమె చరిత్రలో లేదు. నార్నియా కథలు వ్రాసిన సి.ఎస్. లూయిస్ 1956లో ప్రచురించిన 'టిల్ వి హావ్ ఫేసెస్' అనే కల్పిత గాథలో కథానాయిక. దాన్ని సెమినరీలో ఉన్నప్పుడు మొదటిసారి చదివాను. పరీక్షల ముందు చదవవలసిన పుస్తకం కాదు గానీ, చదివాను.

రేడియోలో వాక్యం చెప్పవలసిన పాస్టరు అన్యదేవతల కథ చెప్తున్నాడేమిటని కొందరు పెద్దలు అడగవచ్చు. అపొస్తలుడైన పౌలు ఏథెన్సులో నిలబడి గ్రీకు కవుల మాటను తన ప్రసంగంలో వాడుకున్నాడు. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం ఒకసారి చూడండి.

లూయిస్ ఈ కథను రెండవ శతాబ్దపు లాటిన్ రచయిత అపులీయస్ దగ్గర తీసుకున్నాడు. కాలేజీ కుర్రవాడిగా ఉన్నప్పటినుండి అది ఆయన మనసులో ఉన్నది. అప్పటికి ఆయన నాస్తికుడు. 1931లో క్రీస్తును విశ్వసించాడు. మరో పాతికేళ్లకు ఈ పుస్తకం వచ్చింది. అవిశ్వాసి మనసు లోపలినుండి ఎలా ఉంటుందో తెలిసిన మనిషి వ్రాశాడని పుట పుటలోనూ తెలుస్తుంది.

గ్లోమ్ అనే చిన్న రాజ్యం. రాజుగారి పెద్ద కూతురు ఓరువల్‌ది అందం లేని ముఖం. ఆమెకు పాఠాలు చెప్పేవాడు ఒక గ్రీకు బానిస, నక్క అని పిలుస్తారు. దేవతలూ ప్రవచనాలూ అన్నీ కవుల అల్లికలేనని ఆయన నేర్పాడు. మరోవైపు రక్తం వాసన కొట్టే గుడి, అందులో ఉంగిత్ అనే ముఖంలేని రాతి దేవత, ఆమె పూజారి. ఓరువల్ ఈ రెంటి మధ్య పెరిగింది. ఆమె ప్రాణమంతా తల్లిలేని చిన్న చెల్లెలు సైకీ మీదనే. కరువు, తెగులు వచ్చినప్పుడు పూజారి ఆ పిల్లనే బలి అడిగాడు. కొండమీద చెట్టుకు కట్టేసి వచ్చారు.

కొన్నాళ్లకు ఓరువల్ ఎముకలైనా దొరికితే పాతిపెడదామని కొండకు వెళ్లింది. సైకీ బ్రతికే ఉన్నది. చింకిబట్టలు, ముఖంలో మాత్రం వెలుగు. తాను ఒక దేవుని భార్యననీ, గొప్ప భవనంలో ఉంటున్నాననీ చెప్పి, ఇదిగో ద్రాక్షారసం త్రాగమని అక్కకు ఇచ్చింది. అక్కకు కనబడింది దోసిలిలో ఏటినీళ్లు. భవనం ఉన్నదన్న చోట గడ్డి, చెట్లు. ప్రియులారా, ఇక్కడ నేను చాలాసేపు ఆగిపోతాను. మన ఇళ్లలో ఎంతమంది ఇలా ఎదురెదురుగా కూర్చొని ఉన్నారు! ఒకరు త్రాగుతున్నది ద్రాక్షారసం, రెండవవారికి అవి నీళ్లు. ఇద్దరూ అబద్ధమాడడం లేదు.

ఆ రాత్రి గడుస్తుండగా ఓరువల్ నీళ్లు త్రాగడానికి ఏటి ఒడ్డున మోకరించింది. తల ఎత్తేసరికి మసక వెలుతురులో భవనం కనబడింది. గోడలు, స్తంభాలు, అన్నీ. లేచి నిలబడేలోగా మంచులో కలిసిపోయింది. తరువాత ఆమె తన గురువును, తన కావలి సైనికుడైన బార్డియాను సలహా అడిగింది, తాను చూసిన ఆ ఒక్క సంగతి మాత్రం చెప్పలేదు. ఎందుకు? నిజంగా చూశానా లేదా అనే సందేహం ఉన్నది, నిజమే. కాని అది నిజమని ఒప్పుకుంటే సైకీ ఇక తనది కాదు. సందేహం ఆమెకు ఒక ఆసరా అయింది. చివరకు కత్తితో తన చేతిని తానే పొడుచుకొని, నా మాట వినకపోతే నిన్ను చంపి నేను చస్తానని బెదిరించి, భర్త ముఖం చూడరాదన్న ఆజ్ఞను చెల్లెలిచేత మీరించింది. ప్రేమతోనే చేశాననుకున్నది.

అప్పుడు తుపాను, వరద, ఆ దేవుని దర్శనం. సైకీకి దేశాంతరవాసం. ఓరువల్‌కు ఒక మాట: ఆమె తన్ను తాను తెలుసుకొంటుందనీ, ఆమె కూడా ఒక సైకీ అవుతుందనీ. అంతే. వివరణ లేదు.

ఆమె దాన్ని శిక్షగా విన్నది. తనకూ దేశదిమ్మరి బ్రతుకే రాసిపెట్టి ఉందనుకొని ఎదురుచూసింది. ఏమీ జరగలేదు. తండ్రి పోయాడు, తాను రాణి అయింది. ముఖానికి ముసుగు వేసుకొని, కత్తి పట్టి యుద్ధం గెలిచి, గురువును బానిసత్వంనుండి విడిపించి, వెండి గనులు బాగుచేయించి, ఏళ్ల తరబడి రాజ్యం చక్కగా ఏలింది. ఆ మాట నెరవేరలేదనే అనుకున్నది. ముసలితనంలో దేవుళ్ల మీద ఫిర్యాదుగా ఒక పుస్తకం వ్రాసింది: స్పష్టంగా కనబడరు, స్పష్టంగా చెప్పరు, నమ్మలేదని మాత్రం శిక్షిస్తారు. మన సహోదరి ఉత్తరంలోని బాధ కూడా ఇంచుమించు ఇదే కదా.

దర్శనంలో ఆమెను మృతుల సభ ముందు నిలబెట్టి, ముసుగు తీసివేసి, ఫిర్యాదు చదవమన్నారు. చేతిలో చూస్తే తాను వ్రాసిన గొప్ప గ్రంథం లేదు, మాసిన చిన్న చుట్ట ఉన్నది. చదివేకొద్దీ అసలు సంగతి ఆమె నోటివెంటే వచ్చింది: సైకీ నాది, నానుండి ఎందుకు తీసుకున్నారు? ఆ తరువాత ఆమెకు కొన్ని చిత్రాలు కనబడ్డాయి. దేశాంతరంలో సైకీ చేయలేని పనులన్నీ చేసింది, ఎడారి దాటింది, కాని ఆ పనుల వేదన మాత్రం దాదాపు అంతా మోసింది వేరొకరు. ఓరువల్! ఏమీ జరగడం లేదనుకున్న ఏళ్లలోనే, ఆమెకు తెలియకుండానే ఆ మాట జరుగుతూ వచ్చింది.

ఇది కల్పన. దీనిమీద సిద్ధాంతం కట్టనక్కరలేదు. కాని ఆదికాండము 18వ అధ్యాయంలో శారా ఉన్నది. గుడారంలో నిలబడి కుమారుడు పుడతాడన్న మాట విని లోలోపల నవ్వుకున్నది. మనం శారా నవ్వునే చెప్పుకుంటాం గానీ, దానికి ముందు అధ్యాయంలో అబ్రాహాము సాగిలపడి మరీ నవ్వాడు! శారా నవ్వలేదని బొంకినప్పుడు ప్రభువు, నవ్వావు అని చెప్పి ఊరుకున్నాడు. వాగ్దానం వెనక్కి తీసుకోలేదు. పుట్టిన బిడ్డకు నవ్వు అనే పేరే నిలిచింది. ఆ ఇంట్లో అసలు గాయం నవ్వువలన కలగలేదు. అంతకుముందు 16వ అధ్యాయంలో, దేవుని మాటను తానే త్వరపెట్టబోయి హాగరును అబ్రాహాముకు ఇచ్చిందే, అక్కడ కలిగింది. కన్నీళ్లు కార్చింది హాగరు.

సహోదరీ, ఇప్పుడు నీతో మాట్లాడుతున్నాను. ఒక బోధకుడు చెప్పినంతమాత్రాన అది దేవుని వాక్యంతో సమానం కాదు. ప్రవచనాలను తృణీకరించకూడదని థెస్సలొనీకయులకు చెప్పిన పౌలే, ఆ వెంటనే అన్నిటినీ పరీక్షించమన్నాడు. ప్రవక్తలు మాట్లాడినప్పుడు తక్కినవారు వివేచించాలని కొరింథీయులకు వ్రాశాడు. ఏడేళ్ల పిల్ల తలమీద పెళ్లి ఉండదనే మాట పెట్టి మరుసటిరోజు ఇంకొక ఊరికి వెళ్లిపోయే బోధకుల విషయంలో నాకు అభ్యంతరం ఉన్నది. దాన్ని దాచుకోను. ఆ మాటను నీ సంఘంలో ఎవరైనా పరీక్షించారా? పరీక్షించకపోతే, నువ్వు దానికి బానిసవు కావు. తలరాత అనే మాట మన ఇరుగుపొరుగువారి నోట ఎన్నోసార్లు వింటాం. దాన్నే ప్రవచనం అని పేరు మార్చి మన ఇళ్లలోకి తెచ్చుకోకూడదు.

అయితే ఓరువల్‌ను అడిగిన ప్రశ్న నిన్నూ అడగాలి. నీ సందేహం నిజం తెలుసుకోవాలని ఉన్నదా, లేక దాన్ని తెలుసుకోకుండా ఉండడానికి ఉన్నదా? ఏటి ఒడ్డున నువ్వెప్పుడైనా ఏదైనా చూసి ఎవరికీ చెప్పకుండా ఉన్నావా? నాకు తెలియదు. నువ్వే చూసుకోవాలి. చూసుకున్న తరువాత, పెళ్లి చేసుకొని ఆ బడిలోనే పాఠాలు చెప్పాలని మనస్సాక్షికి తోస్తే, దేవుడు నిన్ను వెంటాడి శిక్షించేవాడని భయపడవద్దు.

అమ్మా, మీరు కూడా ఈ కార్యక్రమం వింటూ ఉండవచ్చు. మీ ఉపవాసాలు వ్యర్థం కాలేదు. కాని మీ బైబిలు మొదటి పేజీలో వ్రాసుకున్న మాటకంటే లోపలి పేజీలలోని వాక్యం పెద్దది. ఓరువల్ కూడా తన ప్రాణంకంటే మిన్నగా ప్రేమించినదాన్నే కత్తి చూపించి నిలబెట్టింది. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మీరిద్దరూ కలిసి మీ పాస్టరుగారి దగ్గరకు వెళ్లండి. అక్కడ మీ అమ్మాయిని ముందు మాట్లాడనివ్వండి. ఆమె ముగించేవరకు ఆ బైబిలు తెరవకండి.

ప్రార్థన చేసుకుందాం. ప్రభువా, ఈ తల్లినీ ఈ బిడ్డనూ నీకు అప్పగిస్తున్నాము. ఒకరికి కనబడేది ఇంకొకరికి కనబడనప్పుడు కోపం రాకుండా వారిని కాయుము. నీవు పలికిన మాట ఏదో, మనుషులు నీ పేరట పలికినది ఏదో, వారికి తెలియజేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.