సంతకం ఎవరిది?

(శిక్షణలో ఉన్న యువతుల భద్రతపై జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హెలికాప్టర్ శిక్షణకీ మహిళా సంఘానికీ సంబంధమేమిటని కొందరు అడిగారు. 2022 ఫిబ్రవరిలో నల్లగొండ జిల్లా పెద్దవూర మండలంలో శిక్షణ విమానం కూలి ఒక యువతి చనిపోయింది. అది హెలికాప్టర్ కాదు, చిన్న విమానం. ఆమె ఒంటరిగా నడుపుతోంది. అప్పుడు నా చెవిన పడ్డ మాట: "ఆడపిల్లకు ఈ చదువులెందుకు?" ఒంటరిగా ఎగరవచ్చునని సంతకం పెట్టింది ఎవరని అడిగినవాళ్లు నాకు కనబడలేదు.

హెలికాప్టర్ల విషయంలో ఈ ప్రశ్న అమెరికాలో ఎప్పుడో లేచింది. రాబిన్సన్ ఆర్-22 అనే రెండు సీట్ల హెలికాప్టర్ చవక కనుక శిక్షణకు విరివిగా వాడారు. 1992 జూన్‌లో కాలిఫోర్నియాలో, పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉండగానే, ఒకటి పాఠం మధ్యలో గాలిలో విరిగిపోయింది.

దీని పైరెక్కలు రెండే. కర్రను ఒక్కసారిగా ముందుకు నెడితే ఒళ్లు సీట్లోంచి తేలినట్టవుతుంది, యంత్రం కుడికి ఒరుగుతుంది. ఎవరి చెయ్యయినా వెంటనే ఎడమకు పోతుంది. ప్రాణం తీసేది అదే. రెక్కల మొదలు ఇరుసుకు కొట్టుకుని ఇరుసే విరిగిపోవచ్చు. చేయవలసింది కర్రను మెల్లగా వెనక్కి తేవడం. ఇది ఎవరికీ పుట్టుకతో రాదు, నేర్పాలి. అలాంటప్పుడు "కంగారు పడింది" అని తేల్చేయడం ఏం న్యాయం?

1995లో అక్కడి ప్రభుత్వం ప్రత్యేక నిబంధన తెచ్చింది. ఆర్-22 నేర్పేవారికి హెలికాప్టర్లపై కనీసం 200 గంటలు, అందులో 50 గంటలు ఆర్-22 పైనే అనుభవం ఉండాలన్నది. కొత్త విద్యార్థి ఒంటరిగా ఎగిరే ముందు ఇన్‌స్ట్రక్టర్‌తో 20 గంటలు నడపాలన్నది. అంటే భారం నేర్పేవారి మీద కూడా పడింది. ఇన్ని ప్రాణాలు పోయాకే, అది వేరే సంగతి.

మన దేశంలో 2012లో ఏర్పడిన విమాన ప్రమాదాల దర్యాప్తు బ్యూరో పని మరో ప్రమాదం జరగకుండా చూడడం, దోషిని తేల్చడం కాదు. దాని నివేదిక వచ్చినంత మాత్రాన కుటుంబానికి న్యాయం జరిగినట్టు కాదు. పైగా శిక్షణలో ఉన్న అమ్మాయి ఉద్యోగి కాదు, లక్షలు కట్టిన విద్యార్థిని. కనుక ఏ కుటుంబమైనా మన దగ్గరకు వస్తే ముందు కాగితాలు అడుగుదాం: ఆమె లాగ్‌బుక్, ఒంటరిగా ఎగరడానికిచ్చిన అనుమతి, ఆ రోజు ఇన్‌స్ట్రక్టర్ ఎందరికి నేర్పారో చెప్పే రిజిస్టరు. నకళ్లు మొదటి వారంలోనే, రాతపూర్వకంగా అడగాలి.