వాడుకను సంపాదించుట, నిలుపుకొనుట
(మహాసభ రెండవనాడు చదివిన ఉపన్యాసము)



ముప్పదియేండ్లకు పైగా బడిలో శబ్దములును, సమాసములును చెప్పి విశ్రాంతిగొన్న మమ్ము, వర్తకమునుగూర్చి ముచ్చటింపుడని కార్యదర్శిగారు కోరినప్పుడు మాకు నవ్వు వచ్చినది. అయినను కాదనలేకపోతిమి. ఏలయన, పద్మశాలీయులకు నేత నేర్పవలసిన పని లేదు. నేసినదానిని తగిన వెలకు అమ్ముకొనుటయే మన కష్టము. చీర చేతులు మారినకొలది దాని వెల పెరుగును గాని, నేసినవాని మజూరి పెరుగదు. నేడు మన చేతిలోని ఫోను ఆ నడిమి చేతులలో కొన్నిటిని తప్పింపగలదు. అయితే అది మంత్రదండము కాదు, మగ్గమువంటి పనిముట్టే. పడుగు సరిచేసికొననివానికి మగ్గమేమి చేయును?

మొదట మా తప్పులు చెప్పుకొందుము. మూడేండ్ల క్రిందట మా తమ్ముని కుమారుడు తాను నేసిన చీరలను వాట్సాప్ బిజినెస్‌లోని క్యాటలాగులో పెట్టదలచి, వర్ణనలు వ్రాసియిమ్మని మమ్మడిగినాడు. మేము దీర్ఘసమాసములతో వ్రాసితిమి. నెల గడచినను వెల యడిగినవా రొక్కరును లేరు. కోడలు వానిని తీసివేసి, “ఒళ్లు నూలు, అంచు కొంగు పట్టు, రవికగుడ్డ కలదు, వెల యింత, ఉతుకు విధ మిది” అని వ్రాసినది. ఆ వారముననే విచారణలు మొదలైనవి. కొనువారికి వలసినది మన పాండిత్యము గాదు, వారి సందేహమునకు సమాధానము.

రెండవ తప్పు ఇంతకన్న పెద్దది. హైదరాబాదునుండి ఒక యమ్మ తన కుమార్తె నిశ్చితార్థమునకు చీర తెప్పించుకొన్నది. రాత్రి దీపముక్రింద తీసిన ఫొటోలో కుంకుమవన్నెగా కనబడిన చీర, తీరా చూడగా ఇటుకవన్నెది. ఆమె తిరిగి పంపుదునన్నది. అమ్మిన సరకు వాపసు తీసికొనరాదని మేము గట్టిగా చెప్పితిమి. పిల్లవాడు మా మాట వినలేదు. రెండువైపుల తపాలుఖర్చు తానే భరించి, పగటివెలుగులో ఫొటోలు తీసి వేరొక చీర పంపినాడు. ఆ యమ్మ నేటివరకు ఏడు చీరలు కొన్నది. ఆమె చెప్పగా వచ్చినవారు మరికొందరు. మా మాట వినియుండినచో ఆ యిల్లు మనకు శాశ్వతముగా దూరమైయుండును.

ఇక ఈ యనుభవమువలన తెలిసికొన్న సంగతులు మనవి చేయుదుము.

మొదటిది, కనబడుట. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో మన పేరు, చిరునామా, ఫోను, వేళలు ఉచితముగా చేర్చుకొనవచ్చును. అంతటను ఒకే పేరు, ఒకే నంబరు ఉండవలయును.

రెండవది, నమ్మించుట. ఫొటోలు కిటికీదగ్గర పగటివేళ తీయవలయును, వన్నెలు మార్చరాదు. అంచు, కొంగు, వెనుకవైపు చూపవలయును. మగ్గము ఆడుచుండగా తీసిన చిన్న వీడియో వేయి మాటల పెట్టు. 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్కును, 1999 నాటి చట్టముక్రింద లభించు భౌగోళిక గుర్తింపును అర్హత గలవారు తప్పక పొందవలయును. అర్హత లేనివారు వాడరాదు. మరమగ్గపు గుడ్డను చేనేత యనువాడు తన యంగడిని మాత్రమే కాదు, కులమందరి యంగడిని మూసివేయుచున్నాడు.

మూడవది, పలుకరించుట. అనుమతి లేక యెవ్వరికిని సందేశములు పంపరాదు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ సందేశము మన నంబరును తమ ఫోనులో దాచుకొన్నవారికే చేరును. కావున చీర పంపునప్పుడే నంబరు దాచుకొనుడని కోరవలయును. దినదినము శుభోదయములు పంపినచో విసుగు కలుగును. ఒక నోటుపుస్తకములో ఎవరికి ఏ వన్నె యిష్టమో, ఏ శుభకార్యమునకు కొన్నారో వ్రాసికొని, తగిన సమయమున పలుకరించిన చాలును.

నాల్గవది, ప్రకటనలు. డబ్బిచ్చి వేయు ప్రకటనలకు దినమునకు ఇంతయని హద్దు పెట్టి, ఒక్క నగరమునకే పరిమితము చేసి, వారముదినములు పరీక్షింపవలయును. 700 రూపాయలు వెచ్చింపగా రెండు చీరలు అమ్ముడైనచో, చీరకు 350 రూపాయలు పడినవి. లాభము అంతకు తక్కువయైనచో ప్రకటన నిలుపుటయే వివేకము. ఇష్టపడితిమని నొక్కిన బొటనవ్రేళ్లు కూలికి గింజలు పెట్టవు.

ఐదవది, అభిప్రాయములు. సరకు చేరిన పిమ్మట రెండు మాటలు వ్రాయుడని కొన్నవారిని కోరుటలో తప్పు లేదు. కొనుగోలుదారునివలె నటించి అమ్మువాడే తన సరకును పొగడుకొనుటను 2020 నాటి ఈ-కామర్స్ నియమములు నిషేధించుచున్నవి. నిష్ఠురమాడినవారికి నలుగురెదుట మర్యాదగా బదులిచ్చిన, చూచువారికి మనయందు గౌరవము కలుగును.

చివరిది, జాగ్రత్త. మనకు డబ్బు వచ్చుటకు పిన్ నొక్కవలసిన పని లేదు, నొక్కుమనువాడు మోసగాడు. చెల్లించినట్లు పంపిన స్క్రీన్‌షాటును నమ్మక, బ్యాంకు ఖాతా చూచినపిమ్మటనే సరకు కదల్పవలయును. మోసపోయినచో వెంటనే 1930 నంబరుకు తెలుపవలయును.

సోదరులారా! క్రొత్తవానిని తెచ్చుకొనుటకు శ్రమయు ధనమును వలయును. వచ్చినవానిని నిలుపుకొనుటకు మాటమీద నిలిచిన చాలును. మగ్గముమీద కన్నులు మసకబారిన పెద్దలు మన వీధులలో ఎందరో కలరు. వారికి ఫోను చూడరాదు. మన పిల్లలకు మగ్గము తెలియదు. ఈ సభ ముగిసి యిండ్లకు మరలిన పిదప, చదువుకొన్న ప్రతి యువకుడును, యువతియు ఒక్క మగ్గపుటింటికి పోయి, ఆ యింటి చీరలకు పగటివెలుగులో పది ఫొటోలు తీసిపెట్టవలెనని మా ప్రార్థన. అది చందాకన్న మిన్నయైన కులసేవ యని విన్నవించి విరమించుచున్నాము.

స్వస్తి.