డ్యూటీ దిగినా నేరం నేరమే



నెల్లూరు సముద్రపొడ్డు యానాదులకి లాఠీ కొత్త కాదు. నేరస్థ తెగల చట్టం 1952లో రద్దయింది. ఆ చూపు మాత్రం పోలేదు. రొయ్యల గుంట కాడ దొంగతనం జరిగితే ముందు మన గుడిసెలే వెతుకుతారు.

మఫ్టీలో వచ్చి కొట్టినోణ్ణి నిలదీస్తే "అప్పుడు డ్యూటీలో లేను" అంటాడు. యూనిఫాంలో కొట్టినోడు "డ్యూటీ చేశాను" అంటాడు. ఈ రెండు మాటలూ మనం ఒప్పుకోవద్దు. ప్రభుత్వ అనుమతి లేకుండా కేసు నడపరాదన్న రక్షణ విధి నిర్వహణకే గాని సొంత కక్షకి కాదు.

1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో నియమాలొచ్చాయి. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకుంటే ఎస్పీకి పోస్టులో పంపొచ్చు. దర్యాప్తు చేసేది డీఎస్పీకి తక్కువ స్థాయి అధికారి కాకూడదు.

విశాఖ మన్యంలోని వాకపల్లిని మరవొద్దు. 2007 ఆగస్టులో 11 మంది ఆదివాసీ స్త్రీలు తమపై అత్యాచారం జరిగిందని గ్రేహౌండ్స్ పోలీసుల మీద ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో కోర్టు నిందితుల్ని విడిచిపెట్టింది. దర్యాప్తు సరిగా చెయ్యలేదని తప్పుబట్టి, ఆ స్త్రీలకి పరిహారం ఇవ్వమంది. కేసు దర్యాప్తులోనే చచ్చిపోయింది.

అందుకే దెబ్బ తగిలిన రోజే గవర్నమెంటు ఆసుపత్రిలో చూపించుకోండి. చీటీ దాచండి. చూసినోళ్ళ పేర్లు, తేదీ, టైము రాసిపెట్టండి. ఒంటరిగా స్టేషన్‌కి పోవద్దు. రాయను రాకుంటే వాడలో చదువుకున్నోళ్ళం మేమున్నాం, అర్జీ రాస్తాం. వాడంతా కలిసి సంతకాలు, వేలిముద్రలు పెడదాం. జవాబు వచ్చేదాకా వదలొద్దు!